మేకుకు రెండు చుట్లు

"రెండు సూదులు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నందీశ్, చిన్న ప్లాస్టిక్ కవరును కిటికీ వెలుతురులో ఎత్తిపట్టి. "ఒకే రాత్రి, ఒకే ఇన్సులిన్ పెన్ను, రెండు సూదులు. చెత్తడబ్బాలో పైపైనే దొరికినాయి. ఇంగ దీంట్లో డిటెక్టివ్ కనిపెట్టేదానికి ఏముండాది సార్?"

పురుషోత్తమ్ స్కూటర్ తాళంచెవికి కట్టిన దారాన్ని గడప పక్కనున్న ఖాళీ మేకుకు తగిలించి, అలవాటు ప్రకారం రెండు చుట్లు చుట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"తాళంచెవిని కూడా కట్టేసి పెడతారా? పారిపోతుందనా?" నందీశ్ నవ్వాడు.

"పనికొచ్చే మాట చెప్పు. ఆమెను ఎన్ని గంటలకు తీసుకెళ్తావు?"

"నాలుక్కి. కొత్తేమీ దొరక్కపోతే."

అప్పుడు ఆదివారం మధ్యాహ్నం రెండూ పది. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, కార్మికుల లైన్ ఇళ్ళలో చివరిదది. బయట జీపు, జీపు పక్కన గొడుగు పట్టుకుని ఒక మహిళా కానిస్టేబుల్. ఆమె వచ్చింది ఈ ఇంటి కోడలు రత్న కోసం. మామను చంపబోయిందన్నది అభియోగం.

మామ చిక్కవెంకటప్ప. డెబ్బై నాలుగేళ్ళు. గని మూసేదాకా డ్రిల్లింగ్ మిషను పట్టినవాడు, పదహారేళ్ళుగా షుగరు మనిషి. శనివారం తెల్లవారి ఐదున్నరకు భార్య సొన్నమ్మ లేపితే లేవలేదు. బనియను చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆస్పత్రిలో వేలు పొడిచి చూస్తే రక్తంలో చక్కెర ఇరవై ఆరు. అక్కణ్ణుంచి కోలారుకు తరలించారు. చక్కెర ఎక్కించినా ఒకటిన్నర రోజుగా కళ్ళు తెరవలేదు. కొడుకు వసంత్ లారీ తోలుతూ ఎక్కడో నాసిక్ దాటి ఉన్నాడు, చేరడానికి ఇంకో రోజు పడుతుంది.

నందీశ్ ఒకప్పుడు పురుషోత్తమ్ కింద ప్రొబేషనరు ఎస్సై. పురుషోత్తమ్ ఉద్యోగం వదిలేసి ఆండర్సన్‌పేటలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని, నందీశ్ మూసేసిన ఫైళ్ళు రెండు తెరిపించాడు. రెండుసార్లూ నందీశ్ పేపర్లో నవ్వులపాలయ్యాడు. మూడోసారి ఆ అవకాశం ఇవ్వకూడదని అతను ఈసారి సూదులు, పెన్ను, గ్లూకోమీటరు, దిండు కింద దొరికిన దారం కట్టిన ఇత్తడి బిల్ల, అన్నీ వరసగా కవర్లలో వేసి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఇక పురుషోత్తమ్ సంగతి. అతను ఈ ఇంటికి డిటెక్టివ్‌గా రాలేదు. చిక్కవెంకటప్పను చిన్నాయనా అని పిలుస్తాడు. నాన్న పోయాక తన చేయి పట్టుకుని నడక నేర్పినంత పని చేసిన మనిషి. ప్రతి శుక్రవారం ఆరింటికి వచ్చి పులిజూదం ఆడతానని మాటిచ్చి నాలుగేళ్ళయింది. మొన్న శుక్రవారం వచ్చింది మాత్రం తొమ్మిదికి పది నిమిషాలుండగా. తలుపు తెరిచే ఉంది, పెద్దాయన వాలుకుర్చీలో నిద్రపోతున్నాడు. లేపలేదు. నిజం చెప్పాలంటే, నిద్రపోతున్నందుకు లోపల్లోపల సంతోషించాడు, గంటసేపు కూర్చునే పని తప్పిందని. ఐదు నిమిషాల్లో తిరిగి వెళ్ళిపోయాడు. నిన్నట్నుంచి ఆ సంతోషానికి సిగ్గుపడుతున్నాడు. అందుకే ఆ రాకపోక సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

"రత్నను పిలువు," అన్నాడు.

రత్న వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. బెంగళూరులో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే రైల్లో పోయి రాత్రికి రైల్లోనే వస్తుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి, చేతిలో కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"శుక్రవారం రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరినావమ్మా?"

"రోజూ ఎనిమిదింబావుకు దిగతా బావా. ఆ పొద్దు రైలు లేటు. చాంపియన్ స్టేషన్లో దిగేటప్పటికి తొమ్మిదీ ఎనిమిది. ఇంటికి తొమ్మిదీ ఇరవై."

"వచ్చి ఏం చేసినావు?"

"మామ కుర్చీలో నిద్రపోతా ఉండె. అత్త లోపల పండుకోనుండె, కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచి బేగ పండుకుంటాది. నేను బిల్ల చూసినా. మేకుకు ఉండాది. సరే, ఇంగా సూది వెయ్యలేదు అని పద్దెనిమిది యూనిట్లు పెట్టి వేసినా. ఒకటే సూది బావా. నా తాళి మీద ఒట్టు."

"వేసేటప్పుడు ఆయన ఏమీ అనలేదా?"

"ఎప్పుడూ అంతే. మత్తులోనే చెయ్యి చాపుతాడు. చొక్కా విప్పి, మంచం మీదికి చేర్చినా. బిల్ల దిండు కింద పెట్టినా."

"ఈ బిల్ల కథే నాకు అరగదు," అన్నాడు నందీశ్. "ఇంట్లో ముగ్గురు మనుషులు. సూది వేసినారా లేదా అని నోటితో అడిగేదానికి ఏం రోగం?"

పురుషోత్తమ్ అతనికి చెప్పాల్సివచ్చింది. నందీశ్ శ్రీనివాసపురం వైపు మామిడితోటల్లో పుట్టినవాడు, గని సంగతి అతనికి తెలియదు. షిఫ్టుకు దిగేవాడు తన నంబరు బిల్లను బోర్డు మీది మేకు నుంచి తీసి జేబులో వేసుకుంటాడు. పైకి వచ్చాక మళ్ళీ తగిలిస్తాడు. మేకుకు బిల్ల ఉందంటే మనిషి పైన ఉన్నాడు. మేకు ఖాళీగా ఉందంటే ఇంకా లోపలే ఉన్నాడు. రెండేళ్ళ కింద ఒకసారి సూది వేశారో లేదో ఎవరికీ గుర్తులేక గొడవైతే, చిక్కవెంకటప్ప తన పాత బిల్లను తీసి ఈ గది గోడకు మేకు కొట్టాడు. రాత్రి సూది పడగానే బిల్ల తీసేస్తాడు. నిద్రంటే ఆయన లెక్కలో షాఫ్ట్‌లో గనిలోకి దిగడమే. పొద్దున లేచి మళ్ళీ తగిలిస్తాడు, పైకి వచ్చినట్టు. బిల్ల ఉండగా నోరెందుకు అనేవాడు.

"బాగుండాది. మరి రెండో సూది ఎవరు వేసినారు?" నందీశ్ రత్న వైపు తిరిగాడు. "గురువారం రాత్రి నువ్వు అరిచింది పక్కింటి గంగమ్మ విన్నాది. 'మీ సూది కోసమే ఆ రైలెంబడి పరిగెత్తతా ఉండా, నాకు విడుదల ఎప్పుడో' అన్నావా లేదా?"

రత్న తల వంచుకుంది. "అన్నా. నిలబడే వచ్చినా సార్ బెంగళూరు నుంచి. కాళ్ళు పీకతా ఉండె. నోరు జారినా. ఆ మాట నన్ను నిద్రపోనియ్యలా."

"షుగరు చూడకుండా సూది ఎందుకు వేసినావు?" పురుషోత్తమ్ అడిగాడు.

గోడ మీద డాక్టర్ సౌభాగ్య తన చేత్తో రాసిచ్చిన అట్ట వేలాడుతోంది. పడుకునే ముందు వేలు పొడిచి చూడాలి. వంద లోపల ఉంటే సూది వద్దు, ఏదైనా తినిపించి, కాసేపాగి మళ్ళీ చూసి నాకు ఫోన్ చేయండి. చూడకుండా సూది వేయనే వేయొద్దు. చివరి వాక్యం కింద ఎర్రగీత ఉంది.

"మీటరు స్ట్రిప్పుల డబ్బా ఖాళీగా ఉండె," అంది రత్న. "పొద్దున్నే అయిపోయినాయేమో అనుకున్నా. అంగడి మూసేసుంటారు, రేపు తెద్దాంలే అనుకున్నా. అంతే బావా. రేపు తెద్దాంలే అనుకున్నా." ఆ మాట మూడోసారి అనబోయి ఏడ్చింది.

పురుషోత్తమ్ ఆమెను ఓదార్చలేదు. ఓదారిస్తే టైము పోతుంది. మీటరున్న కవరు తీసుకుని, పైనుంచే బటన్ నొక్కాడు. దాని గడియారాన్ని తన చేతి గడియారంతో పోల్చాడు. ఒక్క నిమిషం తేడా. తర్వాత మెమరీ తెరిచాడు.

"నందీశ్, ఇది చూసినావా?"

"చూసినా. శుక్రవారం పొద్దున ఆరూ పది, నూటా పద్దెనిమిది. రాత్రి ఎనిమిదీ ముప్పై ఒకటి, నూటా నలభై రెండు."

"ఎనిమిదీ ముప్పై ఒకటికి రత్న రైల్లో ఉండాది. మరి వేలు పొడిచింది ఎవరు?"

"ముసలామె."

"కంటికి కట్టు ఉండే మనిషి ఈ అంకెలు చదువుతుందా?"

"అయితే పెద్దాయన. పొడుచుకుని చూసుకోనుంటాడు. దానికేమి?" నందీశ్ భుజాలు ఎగరేశాడు. "చూసుకున్నోడు సూది కూడా వేసుకున్నాడంటారేమో! ఆయన కుడి చేతి వేళ్ళకు స్పర్శ లేదని డాక్టరే రాసిచ్చింది. మిషను పట్టి పట్టి నరాలు చచ్చిపోయినాయి. చొక్కా గుండీ పెట్టుకోలేడు. పెన్ను యాడ తిప్పుతాడు?"

ప్రశ్న మంచిదే. పురుషోత్తమ్ పెన్ను తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. యూనిట్లు పెట్టే, పెన్ను చివరనున్న మూతను వెలుతురులో మెల్లగా తిప్పాడు. ప్లాస్టిక్ మీద సన్నని గాట్లు ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, రెండు వైపులా. సూదివైపు టోపీ అంచు మీద కూడా అవే.

"చేత్తో కాదు," అన్నాడు. "పళ్ళతో. ఇవి ఒక్క రోజు గాట్లు కావు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. చాలాసార్లు చేసినాడు."

నందీశ్ పెన్ను లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"చిన్నమ్మా!" పురుషోత్తమ్ లోపలి గదివైపు పిలిచాడు. "కొంచెం ఇట్ల రా."

సొన్నమ్మ గోడ తడుముకుంటూ వచ్చి పీట మీద కూర్చుంది. ఎడమ కంటికి కట్టు, కుడి కంటికి పొర కమ్మి ఉంది.

"చిన్నాయన తనే సూది వేసుకుంటాడని నీకు తెలుసు. అవునా?"

ఆమె కోడలి వైపు ముఖం తిప్పింది. కనబడకపోయినా అటే తిప్పింది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడప్పా. రైలు లేటైతే వేసుకుంటాడు. నాలుగైదు తడవలు వేసుకున్నాడు, నేనే వేసినానని కోడలు అనుకునేది. నోట్లో పెట్టి తిప్పుతాడు, టిక్కు టిక్కుమని పద్దెనిమిది లెక్కబెడతాడు. గనిలో చీకట్లో చెవులతోనే పని చేసినాలే, ఇదెంత అంటాడు. శుక్రవారం నేను వద్దన్నా. పాపం బిడ్డ నిలబడే వస్తాది, వచ్చినాక ఆ సూదైనా తప్పనీ అన్నాడు."

రత్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట నిన్ననే చెప్పి ఉంటే?" నందీశ్ గద్దించాడు.

"ఒట్టు పెట్టుకుంటిని గదా సామీ! మొగుడు అట్ల పడి ఉంటే ఒట్టు తప్పితే యాడ ఏమైతాదో అని భయం. కోడల్ని పట్టుకుపోతారని నేనేం కలగన్నానా?" ఆమె నుదురు కొట్టుకుంది. "నాదే పాపం. నాదే."

పురుషోత్తమ్ ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టర్ సౌభాగ్యను పిలిచాడు. ఆమె గొంతు అలిసిపోయి ఉంది.

"పడుకునే ముందు నూటా నలభై రెండు మంచి నంబరే," అంది. "పద్దెనిమిది యూనిట్లకు ఏమీ కాదు. అదే రెండుసార్లు పడితే, ఆ వయసుకు, ఆ కిడ్నీలకు తట్టుకోలేరు. రాత్రి ఏం తిన్నారు?"

"అర రాగిముద్ద, ఇంత చారు," అంది సొన్నమ్మ. "పాలు ఇస్తే సగం తాగినాడు."

"అయితే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బాగా దిగిపోయుంటుంది. మెలకువగా ఉంటే చెమట, దడ, ఆకలి, ఏదో ఒకటి తెలుస్తుంది. నిద్రలో దిగితే మనిషికి తెలియదు, పక్కనున్నవాళ్ళకూ తెలియదు."

"డాక్టరమ్మా, రెండో సూదికి ముందు రత్న వేలు పొడిచి చూసుంటే దొరికేదా?"

"లేదు. అది నెమ్మదిగా పనిచేసే మందు. తొమ్మిదింటికి ఇంకా మొదలే అయ్యుండదు. నూటా నలభయ్యో, నూటా యాభయ్యో చూపించేది. చూసినా ఆమె సూది వేసేదే. చూడాల్సిందే, అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి ఆయన్ను కాపాడేది ఆ నంబరు కాదు. ముందే ఒకటి పడిందన్న మాట ఎవరైనా చెప్పుండాలి."

ఫోన్ పెట్టేశాక రత్న నేల మీద కూలబడింది, సగం ఊరటతో, సగం ఏడుపుతో.

ఆ మాట చెప్పాల్సింది బిల్ల. పురుషోత్తమ్ గోడవైపు చూశాడు. బిల్ల మేకు ఖాళీగా ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో వాలుకుర్చీ.

"సరే సార్, మొదటిది పెద్దాయన వేసుకున్నాడు. ఒప్పుకున్నా." నందీశ్ లేచి నిలబడ్డాడు. ఓడిపోయినవాడి గొంతు కాదది. "మీరే నా కేసు గట్టి చేసినారు. అమ్మా, సూది వేసుకున్నాక బిల్ల ఏం చేసినాడు?"

"తీసి జేబులో వేసుకున్నాడు," అంది సొన్నమ్మ. "నేను పాలు ఇచ్చేటప్పుడు ఎనిమిదీ నలభై అయ్యుంటాది, టీవీలో సీరియల్ మారతా ఉండె. బిల్ల జేబులో వేసినా, ఇంగ దిగతా అని నవ్వినాడు. నేను పోయి పండుకున్నా."

"విన్నారా? ఎనిమిదీ నలభైకి బిల్ల జేబులో ఉండాది. తొమ్మిదీ ఇరవైకి మేకుకు ఉండాదని ఈమె చెప్తాది. మధ్యలో బిల్ల నడుచుకుంటా పోయిందా? మేకు ఖాళీ చూసింది, సూది పడిందని తెలిసింది, తెలిసే ఇంకోటి వేసింది. మేకుకుండాదన్నది కట్టుకథ."

"ఉండాది సార్! నా కండ్లతో చూసినా!" రత్న అరిచింది.

కొక్కేనికి వేలాడుతున్న పెద్దాయన చొక్కాను పురుషోత్తమ్ అందుకున్నాడు. జేబులో వేలు పెట్టాడు. వేలు అడుగు నుంచి బయటికి వచ్చింది. కుట్టు ఊడిపోయి రెండు వేళ్ళు పట్టేంత చిల్లు.

"అయ్యో," అంది సొన్నమ్మ, రత్న చెబితే విని. "కుట్టమని పది దినాలు చెప్పినాడు. కన్ను బాగైనాక కుడతానంటిని."

అంటే బిల్ల జారి కుర్చీ కింద పడింది. ఇక్కడిదాకా అతని బుర్ర చకచకా నడిచింది, ఎప్పటిలాగే, కొంచెం గర్వంగా కూడా. కింద పడిన బిల్ల మేకు మీదికి ఎట్లా వచ్చింది? ఎవరో తీసి తగిలించి ఉండాలి. ఆ ఎవరో ఈ ఇంటి పద్ధతి తెలియనివాడై ఉండాలి, లేదా తెలిసీ ఆ క్షణంలో గుర్తులేనివాడై ఉండాలి. కింద పడిన బిల్లను చూసి ఊరుకోలేనివాడై ఉండాలి.

అతని చేయి చొక్కా మీదే ఆగిపోయింది.

శుక్రవారం అతను ఐదు నిమిషాలు ఈ గదిలో ఉన్నాడు. ఏం చేశాడు? పెద్దాయన ముఖం చూశాడు. ఫ్యాన్ తగ్గించాడు. ఇంకా? వంగాడు. ఎందుకు వంగాడు? గుర్తుకు రావడం లేదు. గుర్తుకు రాకూడదని అతనిలో ఎవరో గట్టిగా కోరుకుంటున్నారు.

"రత్నా," అన్నాడు. "బిల్ల మేకుకు ఎట్ల ఉండె? ఊరికే తగిలించి ఉండెనా?"

"లేదు బావా. దారం చుట్టి ఉండె. నాకూ వింతనిపించె. మామ ఊరికే వేలాడదీస్తాడు, ఆయన వేళ్ళకు చుట్టేదానికి రాదు. బిగించి చుట్టి ఉండె. విప్పేదానికి గోరు పెట్టాల్సి వచ్చె."

"ఎన్ని చుట్లు?"

"రెండు."

గడప పక్కన, నందీశ్ భుజానికి జానెడు దూరంలో, స్కూటర్ తాళంచెవి వేలాడుతోంది.

అతనికి అప్పుడు పదేళ్ళు. గనిలో బండ పేలి పన్నెండుమంది లోపల ఉండిపోయారు. అమ్మ గంటకోసారి అతన్ని టోకెన్ ఆఫీసుకు పంపేది, పో, మీ నాయన నంబరు, నాలుగు వందల పదిహేడు మేకు చూసి రా అని. రెండు రోజులు చూశాడు. రెండు రోజులూ మేకు ఖాళీ. మూడో పొద్దు చిక్కవెంకటప్ప పైకి వచ్చాడు, భుజం మీద నాన్నను వేసుకుని. నాన్న జేబులోంచి బిల్ల తీసి అతని చేతికి ఇచ్చాడు. మీ నాయన పైకి వచ్చేసినాడప్పా, నువ్వే తగిలించు, రెండు చుట్లు చుట్టు, ఇంగ పడదు. ఆ రోజు నుంచి మేకు నుంచి ఊడిన బిల్ల గానీ, దారం గానీ, తాళంచెవి గానీ కింద ఉంటే అతను చూడలేడు. బుర్రను అడక్కుండానే చేయి ఆ పని చేసేస్తుంది.

శుక్రవారం రాత్రి కూడా అడగలేదు. కుర్చీ కింద బిల్ల కనిపించింది. వంగాడు, తీశాడు, తగిలించాడు. బిల్ల మేకుకు ఉంటే మనిషి క్షేమం. అదే అతనికి తెలిసిన లెక్క. ఈ ఇంట్లో ఆ లెక్క తిరగబడి ఉందని బాగా తెలిసినవాడే, వారం వారం దాన్ని చూసి నవ్వినవాడే.

టైము మూడూ ఇరవై.

అతను అది గ్రహించిన క్షణంలోనే ఇంకొకటి కూడా గ్రహించాడు. తను వచ్చినట్టు ఎవరికీ తెలియదు. సొన్నమ్మ నిద్రపోయింది, లైను వీధి ఖాళీగా ఉంది, రత్న రైల్లో ఉంది. నోరు మూసుకుంటే చాలు. గాలికి దొర్లిందనో, పిల్లి లాగిందనో ఒక కథ అల్లితే కోర్టులో రత్నకు బెనిఫిట్ ఆఫ్ డౌట్ దొరుకుతుంది, ఏ రెండేళ్ళకో బయటపడుతుంది. ఇంత నీచమైన లెక్క తన బుర్రలో ఇంత వేగంగా పుట్టినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమైంది సార్? దొరికిందా ఏమైనా?" నందీశ్ గడియారం చూసుకున్నాడు. "కానిస్టేబుల్! లోపలికి రామ్మా. ఈమె బట్టలు సర్దుకోమను."

మహిళా కానిస్టేబుల్ గడపలో చెప్పులు విడిచింది. సొన్నమ్మ తడుముకుంటూ కోడలి చేయి వెతుక్కుంది.

"రాసుకో నందీశ్," అన్నాడు పురుషోత్తమ్.

"ఏంటి?"

"శుక్రవారం రాత్రి ఎనిమిదీ యాభైకి ఈ ఇంట్లోకి ఒకడు వచ్చినాడు. కుర్చీ కింద పడిన బిల్ల తీసి మేకుకు తగిలించినాడు. రెండు చుట్లు చుట్టినాడు. ఐదు నిమిషాలకు వెళ్ళిపోయినాడు. రత్న చెప్పింది ప్రతి అక్షరం నిజం."

"ఎవడు?"

పురుషోత్తమ్ గడపవైపు చేయి చూపించాడు. నందీశ్ తిరిగి చూశాడు. తాళంచెవి దగ్గరికి వెళ్ళి దారం మీద వేలు పెట్టాడు. లెక్కపెట్టడానికి రెండే ఉన్నాయి, అయినా లెక్కపెట్టాడు. మధ్యాహ్నం నుంచి అతని ముఖం మీదున్న నవ్వు అప్పుడు పోయింది.

"నువ్వాప్పా?" అంది సొన్నమ్మ. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"నేనే చిన్నమ్మా. ఆరింటికి రావాల్సినోణ్ణి. వచ్చి రత్న చేరేదాకా ఆడతా కూర్చునుంటే ఆయన సూది వేసుకునేది చూసుండేవాణ్ణి. ఆలస్యంగా వచ్చి, లేపి మాట్లాడినా సరిపోయేది. నిద్రపోతా ఉండాడని సంతోషపడి, ఉన్న ఒక్క గుర్తునూ చెరిపేసి పోయినా." అతను రత్న ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నిన్నట్నుంచి నువ్వు ఏడుస్తా ఉంటే నేను ప్రశ్నలు అడగతా ఉండా. నన్ను క్షమించమ్మా అనే మొహం కూడా లేదు నాకు."

రత్న కొంగుతో కళ్ళు తుడుచుకుని అత్త పక్కకు జరిగింది.

నందీశ్ నోట్‌బుక్ తెరిచాడు. పెన్ను మూత తీశాడు. అప్పుడే అతని ఫోన్ మోగింది. కోలారు ఆస్పత్రిలో కాపలా ఉంచిన కానిస్టేబుల్. నందీశ్ విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "మళ్ళీ చెప్పు. అదే మాటా? నువ్వు అడిగితే చెప్పినాడా, తనంతట తనే చెప్పినాడా?" ఫోన్ దించాడు.

"పెద్దాయన కండ్లు తెరిచినాడంట."

సొన్నమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రత్న ఆమెను పట్టుకుని భోరుమంది.

"కోడల్ని పట్టుకుపోతా ఉండారని మావోడు చెప్పేసినాడు, వెధవ. దానికి పెద్దాయన మూడు మాటలు చెప్పినాడంట. సూది నేనే వేసుకున్నా. బిల్ల నేనే మరిచిపోయి మళ్ళీ తగిలించినా. శుక్రవారం మా ఇంటికి ఎవరూ రాలేదు." నందీశ్ పురుషోత్తమ్ వైపు తిరిగాడు. మొదటిసారి అతని గొంతు మెత్తబడింది. "ఎవరైనా వచ్చినారా అని మావోడు అడగనేలేదు సార్."

పురుషోత్తమ్ వాలుకుర్చీని చూశాడు. అంటే ఆ రాత్రి ఆ కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. మత్తులో, సగం కలలో, మేకు దగ్గర నిలబడి దారం చుడుతున్న మనిషిని చూశాయి. బహుశా పదేళ్ళ కుర్రాణ్ణే చూసుంటాయి. అందుకే వారించలేదేమో. ఇప్పుడు చావు అంచు నుంచి తిరిగి వచ్చి, నోట్లో గొట్టం తీయగానే, ఆయన చేసిన మొదటి పని అతన్ని మళ్ళీ భుజాన వేసుకోవడం.

"ఆయన మాట రాసుకుంటే కేసే లేదు," నందీశ్ మెల్లగా అన్నాడు. "ఆమె ఇంట్లో, మీరు ఆఫీసులో. మీ మాట రాసుకుంటే ఫైల్లో మీ పేరు ఎక్కుతాది. నిర్లక్ష్యం కేసు ఖాయం. నాకు పాత బాకీ తీరుతాది, దాచుకోను. ఏది రాయమంటారు?"

పురుషోత్తమ్ లేచి గడప దగ్గరికి నడిచాడు. మేకు మీది దారాన్ని పట్టుకుని ఒక చుట్టు విప్పాడు. రెండోది విప్పాడు. తాళంచెవి జేబులో వేసుకుని వెనక్కి వచ్చి, నందీశ్ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నాదే రాయి," అన్నాడు. "టైముతో సహా. ఎనిమిదీ యాభై."